ఆడేది మనింట్లో, ఆట ఎక్కడో

గూగుల్ ఆటల సేవ స్టేడియాను మూసేస్తున్నారటగా అని 2022 జులై నెలాఖరులో ఒక ఆటగాడు ట్విటర్‌లో అడిగాడు. అలాంటిదేమీ లేదని, నిశ్చింతగా ఉండమని ఆ సంస్థ ఖాతా నుంచే జవాబొచ్చింది. అది జులై 29. సరిగ్గా రెండు నెలలు తిరిగేసరికి, సెప్టెంబర్ 29న, దుకాణం కట్టేస్తున్నామని గూగుల్ ప్రకటించింది. ఆ వేదిక కోసం ఆటలు తయారుచేస్తున్నవాళ్లలో కొందరికి సంగతి తెలిసింది కూడా ఆ ప్రకటన చూశాకే. 2023 జనవరి 18 రాత్రితో సర్వర్లు ఆగిపోయాయి.

మూడేళ్లకు పైచిలుకు బతికిన ఆ సేవ 2019 నవంబర్ 19న 14 దేశాల్లో మొదలైంది. కన్సోల్ అక్కర్లేదు, డిస్క్ అక్కర్లేదు, డౌన్‌లోడ్ కోసం గంటల తరబడి కూర్చోనక్కర్లేదు. చేతిలో కంట్రోలర్, ఎదురుగా టీవీ ఉంటే చాలు. ఆట నడిచేది గూగుల్ యంత్రాల మీద, మన తెరకు వచ్చేది దాని బొమ్మ మాత్రమే. మూసేటప్పుడు గూగుల్ మర్యాదగానే నడుచుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. తన దగ్గర కొన్న ఆటలకు, కంట్రోలర్లకు డబ్బు వెనక్కిచ్చింది. నెలనెలా కట్టిన చందా మాత్రం ఇవ్వలేదు. కానీ డబ్బుతో తీరని లెక్కలు కొన్ని మిగిలాయి. రెడ్ డెడ్ ఆన్‌లైన్‌లో ఒకే పాత్రతో దాదాపు 6 వేల గంటలు గడిపిన ఆటగాడొకరు ఆ పాత్రను ఇంకో వేదికకు మార్చుకోనివ్వమని బహిరంగంగా ప్రాధేయపడ్డారు. స్ప్లాష్ డ్యామేజ్ సంస్థ స్టేడియా కోసమే చేసిన అవుట్‌కాస్టర్స్ అనే ఆట ఆ రాత్రితో లోకంలోనే లేకుండా పోయింది. కొన్నవాళ్లలో ఏ ఒక్కరి ఇంట్లోనూ దాని ప్రతి లేదు మరి.

స్టేడియా మన దేశానికి రాలేదు. అందుకని ఆ కథ మనది కాదనుకుంటే పొరపాటు. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్‌ను 2025 నవంబర్‌లో భారత్‌కు తెచ్చింది. జియో తన క్లౌడ్ ఆటల సేవను అంతకుముందే మొదలుపెట్టింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో డేటా కేంద్రం కడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది సాక్షాత్తూ గూగులే. అది ఆటల కోసం కాదు, ఏఐ కోసం. కానీ సర్వర్లు దగ్గరికొచ్చేకొద్దీ వాటి మీద ఆటలు నడిపే వ్యాపారమూ దగ్గరికొస్తుంది. ప్లేస్టేషన్ 5 కొనాలంటే అర లక్ష చేతిలో ఉండాలి. పెద్ద ఆట డిస్క్ ఒక్కోటీ దాదాపు 5 వేలు. పదో తరగతి పాసైతే కొనిపెడతానని కొడుక్కి మాటిచ్చిన తండ్రికి, కన్సోల్ లేకుండా నెలకు కొన్ని వందలతో గండం గట్టెక్కుతుందంటే చేదుగా ఉంటుందా? ఆ ఆశను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆటలంటే ఎరగని ఇళ్లకు స్ట్రీమింగ్ మొదటి మెట్టు కావచ్చు. మెట్టుగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. మిగతా మెట్లన్నీ తీసేసి ఇదొక్కటే మిగిల్చే పనే అసలు ప్రమాదం.

ముందుగా దీని పనితనం చూద్దాం. మీట నొక్కితే ఆ సంకేతం ఊళ్లు దాటి సర్వర్‌కు వెళ్లాలి, అక్కడ ఆట దానికి స్పందించాలి, ఆ దృశ్యాన్ని వీడియోగా కుదించాలి, అది తిరిగి మన ఇంటికొచ్చి విప్పుకోవాలి. ఆట సెకనుకు 60 దృశ్యాలతో నడుస్తుంటే ఒక్కో దృశ్యానికి దక్కేది 17 మిల్లీసెకన్లలోపే. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పరుగెడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి గీత గీసినట్టు తీగ వేసినా పోయి రావడానికి ఆరేడు మిల్లీసెకన్లు. నిజం తీగలు అలా తిన్నగా ఉండవు, దారిలో మజిలీలెన్నో. చదరంగానికి ఇది పట్టదు. కత్తి దూసే ఆటకు, గోల్ కొట్టే ఆటకు పడుతుంది. డేటా సంగతి చూస్తే, తక్కువ నాణ్యతలోనే గంటకు నాలుగున్నర జీబీ దాకా తింటుందని స్టేడియా రోజుల్లో గూగులే చెప్పింది. రోజుకు 2 జీబీ వచ్చే ఫోన్ ప్లాన్ ఆ లెక్కన నిండా అరగంట కూడా నిలవదు.

ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్లకు ఇంకో తమాషా. కరెంటు పోతుంది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, టీవీ వెలుగుతూనే ఉంటుంది, రూటర్ లైట్లు మిణుకుతూనే ఉంటాయి. వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టె మాత్రం చచ్చిపడి ఉంటుంది. తెర మీద ఒక చుక్కల గుండ్రం తిరగడం మొదలుపెడుతుంది. పిల్లవాడు కంట్రోలర్ పట్టుకుని దానికేసే చూస్తుంటాడు. పక్కగదిలో అదే ఇన్వర్టర్ మీద, డిస్క్ వేసుకున్న పాత కన్సోల్ హాయిగా నడుస్తూ ఉంటుంది.

ఇవన్నీ చిరాకులే, కాలం తీర్చగల చిరాకులు. తీగలు మెరుగవుతాయి, సర్వర్లు దగ్గరవుతాయి. క్లౌడ్ ఆటను వ్యతిరేకించేవాళ్లు ఎక్కువగా ఈ ఆలస్యం మీదే వాదించి, అది తగ్గగానే వాదన ఓడిపోతారు. మా భయం వేరు. ఆ చుక్కల గుండ్రం ఎన్నడూ కనిపించని రోజు వచ్చినా పోని భయం అది.

2014 ఆగస్టు 12న కొనామీ సంస్థ ప్లేస్టేషన్ 4 కోసం పి.టి. అనే చిన్న ఆటను ఉచితంగా వదిలింది. రాబోయే పెద్ద భయానక ఆటకు అది రుచి మాత్రమే. ఎల్ ఆకారంలో మలుపు తిరిగే ఒక నడవా, గోడ గడియారం, ఫోటో ఫ్రేములు, చివర ఒక తలుపు. తలుపు తీస్తే మళ్లీ అదే నడవా. ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు ఏదో ఒకటి కాస్త మారి ఉంటుంది. పెద్ద ఆట రద్దయింది. 2015 ఏప్రిల్ 29న పి.టి.ని ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేశారు. తర్వాత ఒకసారి దించుకున్నవాళ్లకు కూడా మళ్లీ దించుకునే దారి లేకుండా చేశారు. ఇవాళ ఆ ఆట అప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని ఇంతవరకూ చెరపకుండా ఉంచుకున్న యంత్రాల్లో మాత్రమే ఉంది. ఆ కన్సోళ్లు కొత్తవాటికన్నా ఎక్కువ ధరకు చేతులు మారాయి. హార్డ్‌డిస్క్ నిండిపోయి ఏదో ఒకటి చెరపక తప్పని రోజున కూడా జనం ఆ ఒక్కదాని జోలికి పోరు. కంపెనీ చెయ్యి అందని చోటు ఒక్కటే మిగిలింది, అది ఆడేవాడి ఇల్లు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం ద క్రూ. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన కార్ల పందెం ఆట ఇది. ఒంటరిగా ఆడుకున్నా సర్వర్‌తో మాట కలవాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ వెంటనే కొన్నవాళ్ల ఖాతాల నుంచి లైసెన్సులు కూడా లాగేశారు. డబ్బు పెట్టి కొన్న డిస్క్ అల్మారాలో బొమ్మలా మిగిలింది. కాలిఫోర్నియాలో కోర్టుకెక్కినవాళ్లకు సంస్థ చెప్పిన సమాధానం ఏమిటంటే, మీరు కొన్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని మాత్రమేనని. ఊరుకోని కొందరు అభిమానులు తీరిక వేళల్లో కూర్చుని ఆ సర్వర్ పనిని అనుకరించే ప్రోగ్రామ్ రాసుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో దాన్ని విడుదల చేస్తే, పాత ఫైళ్లు కంప్యూటర్‌లో దాచుకున్నవాళ్లు మళ్లీ కారెక్కారు.

దాచుకున్నవాళ్లు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ద క్రూ చచ్చి బతికింది, అవుట్‌కాస్టర్స్ చచ్చింది. రెండింటికీ ప్రాణం సర్వర్‌లోనే ఉండేది. తేడా అల్లా ద క్రూ రోడ్లు, కార్లు, కొండలు, నగరాలు లక్షల ఇళ్లలో హార్డ్‌డిస్కుల మీద పడి ఉన్నాయి. శవమైనా దొరికింది కాబట్టి లేపగలిగారు. అవుట్‌కాస్టర్స్ ఆడినవాళ్ల ఇళ్లలో వెతికితే దొరికేది ఒక తెల్ల కంట్రోలర్. ఎంత గొప్ప ప్రోగ్రామర్ అయినా దాని నుంచి ఏం లేపుతాడు?

మా దృష్టిలో హార్డ్‌డిస్క్ కేవలం సామాను పెట్టుకునే అటక కాదు. అమ్మినవాడితో బేరమాడటానికి కొన్నవాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు అది. ఇంట్లో ప్రతి ఉన్నంతకాలం కంపెనీ ధర పెంచితే మానుకోవచ్చు, సర్వర్ ఆపితే దారి వెతుక్కోవచ్చు, నచ్చని మార్పు తెస్తే పాతదాంతోనే ఉండిపోవచ్చు. స్ట్రీమింగ్‌లో ఈ మూడూ లేవు. 2025 అక్టోబర్‌లో ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అల్టిమేట్ చందా ధరను అమెరికాలో నెలకు 20 డాలర్ల నుంచి 30కి పెంచారు. ఒక్కసారిగా సగం ఎక్కువ. కట్టకపోతే ఏమవుతుంది? చందాతో ఆడుతున్నవన్నీ, సగంలో ఉన్న ఆటతో సహా, తలుపు అవతలే.

కొసమెరుపేమిటంటే డిస్క్ కొన్నా గట్టున పడ్డట్టు కాదు. క్లౌడ్ పూర్తిగా రాకముందే ఇంట్లో ప్రతిని లోపల్లోపల డొల్ల చేసే పని సాగిపోతోంది. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2 ప్లేస్టేషన్ 5 డిస్క్ మీద ఉన్న సరుకు సుమారు 70 ఎంబీ. నూరు జీబీల దాకా పట్టగల రకం డిస్క్ అది. మిగతా ఆటంతా నెట్ నుంచి దించుకోవాల్సిందే. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2కి గేమ్-కీ కార్డులని ఒక కొత్త రకం తెచ్చారు. కార్డులో ఆట ఉండదు, ఆటను దించుకునే తాళంచెవి ఉంటుంది. ప్లేస్టేషన్ 5 ప్రోకు డిస్క్ డ్రైవే లేదు. విడిగా కొని తగిలించుకుంటే, మొదటిసారి నెట్‌కు కలిపి నమోదు చేయిస్తేనే పనిచేస్తుంది. పీఎస్4లో మనం ఆడినంతవరకు భద్రపరుచుకున్న సేవ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే వీలుండేది. పీఎస్5 ఆటలకు విడిగా అలా కుదరదు, చందా కట్టి క్లౌడ్‌లో పెట్టుకోవాలి. మన ఆట కాకపోతే పోనీ, మనం పడ్డ శ్రమ కూడా మన చేతిలో ఉండకూడదా!

ఇంట్లో జాగా కూడా ఇరుకే. మొదటి పీఎస్5లో 825 జీబీ అని రాసి ఉన్నా ఆటలకు మిగిలేది 667. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 512 అని ఉంటుంది, దక్కేది 364. ఒక్కో పెద్ద ఆట నూరు, నూట యాభై జీబీలు మింగుతుంటే నాలుగో ఆట దగ్గరే ఏది చెరపాలన్న ప్రశ్న. అదనంగా ఎస్‌ఎస్‌డీ కొందామంటే 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండుతున్నాయి. కారణం ఏఐ డేటా కేంద్రాలు చిప్పులను గంపగుత్తగా కొనేయడం. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి మెమరీ, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. పెద్ద గిరాకీదారులకే సరుకు చాలడం లేదట. అంటే ఇంట్లో అటక కట్టుకోనివ్వకుండా ఇటుకలన్నీ కొనుక్కుపోయినవాడి గోదాములోనే రేపు మనం సామాను పెట్టుకోవాలి, నెలనెలా అద్దె కట్టి. ఇదంతా ఎవరో కూర్చుని పన్నిన పన్నాగమని మేము అనడం లేదు. పన్నకపోయినా ఫలితం అదే.

మన వైపు దీనికి ఇంకో కోణం ఉంది, దాన్ని పాశ్చాత్య చర్చల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ చాలామంది కుర్రాళ్లకు 5 వేల డిస్క్ అందుబాటులోకి వచ్చేది చేతులు మారడం వల్ల. ఒకరు కొని పూర్తిచేసి, దుకాణంలో ఇచ్చి, పైన కొంత కలిపి ఇంకోటి తెచ్చుకుంటారు. హాస్టల్లో ఒకే డిస్క్ నాలుగు గదులు తిరుగుతుంది. గీతలు పడి, పెట్టె విరిగి, అట్ట మీద ఎవరిదో ఫోన్ నంబరు రాసి ఉన్న డిస్క్ కూడా ఆడుతుంది. క్లౌడ్ చందాను మారకానికి పెట్టలేం, తమ్ముడికి ఇవ్వలేం, సెమిస్టర్ ఫీజు తక్కువైతే అమ్ముకోలేం. చవకగా కనిపించే నెలసరి రుసుములో ఈ నష్టం ఎక్కడా రాసి ఉండదు.

ఇంట్లో ఉన్నదంతా శాశ్వతమా అని అడగొచ్చు. కాదు. డిస్కులు బూజు పడతాయి, హార్డ్‌డిస్క్ ఒక రోజు టిక్‌టిక్‌మని ఆగిపోతుంది, ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎస్‌ఎస్‌డీ రాసుకున్నది మరిచిపోతుంది. ఒక్క ప్రతిని నమ్ముకుంటే ఎవరి దగ్గరున్నా ముప్పే. ఎన్నో ప్రతులు ఎన్నో చేతుల్లో ఉండటమే కాపాడుతుంది. ఈ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? మన మొదటి టాకీ, హెచ్.ఎం. రెడ్డి తీసిన 1932 నాటి భక్త ప్రహ్లాద, ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఆనాటి సినిమాను ఇంట్లో దాచుకునే వీలు జనానికి లేదు, ఉన్న కొద్ది ప్రింట్లూ వ్యాపారుల చేతుల్లోనే. ఆడినంతకాలం ఆడించారు, తర్వాత వాళ్లకు దానితో పనిలేదు. ఆటలు అదే దారి పట్టాయని చెప్పే లెక్క ఇప్పటికే ఉంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ బజారులో కొనడానికి దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అవి డిస్కుల, కార్ట్రిజుల కాలం ఆటలు, కనీసం పాత సామాన్లలోనైనా వెతుక్కోవచ్చు. క్లౌడ్ కాలం ఆటలకు పాత సామాన్ల కొట్టు కూడా ఉండదు.

ప్రభుత్వాలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి, లైసెన్సు మాత్రమే ఇస్తూ ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా కొనండి అనే మాట వాడకూడదని చట్టం తెచ్చింది. మంచిదే, కానీ అది నిజం చెప్పమంటుందే తప్ప ఏమీ ఇవ్వమనదు. ఐరోపాలో, ద క్రూ మూతతో మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం 10 లక్షలకు మించి సంతకాలు కూడగట్టింది. సేవ ఆపేటప్పుడు ఆటను ఆడుకోదగిన స్థితిలో వదిలిపెట్టి వెళ్లాలన్నది వాళ్ల కోరిక. ఒత్తిడి పనిచేస్తుందనడానికి రుజువు కూడా ఉంది. ద క్రూ రెండో భాగానికి ఆఫ్‌లైన్ పద్ధతి పెడతామని అదే యూబీసాఫ్ట్ 2024 సెప్టెంబర్‌లో దిగొచ్చి చెప్పింది. మరోపక్క, గ్రంథాలయాలు తమ దగ్గరున్న పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించుకునే వెసులుబాటు అడిగితే అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబర్‌లో కాదంది. కంపెనీ దూరం నుంచి ఆడించి డబ్బు చేసుకోవచ్చుగానీ, గ్రంథాలయం దూరం నుంచి చూపకూడదన్నమాట.

మన దగ్గర 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, మోసపూరిత తెర రూపకల్పనల మీద 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. కొన్న ఆట మాయమైతే ఏమిటన్న ప్రశ్నను సూటిగా తాకే నిబంధన మాత్రం లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తలుచుకుంటే కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. అద్దెకు ఇచ్చేదాన్ని అద్దె అనే పిలవాలని, సేవ ఎప్పటిదాకా ఉంటుందో అమ్మేరోజే తేదీ వేసి చెప్పాలని ఆదేశించవచ్చు. ఆటగాడి సేవ్ ఫైలు అతను అడిగితే అతని చేతికివ్వాలని అనవచ్చు. ఇది జరగని పని కాదు. జపాన్‌లో 2018లో స్విచ్ మీద రెసిడెంట్ ఈవిల్ 7 క్లౌడ్ రూపంలో వచ్చినప్పుడు 2 వేల యెన్లకు 180 రోజులని ముందే చెప్పి అమ్మారు. అద్దె అద్దెలాగే ఉంది, ఎవరూ మోసపోలేదు. పుస్తకాల విషయంలో మనకు 1954లోనే ఒక చట్టం వచ్చింది. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీ సహా నాలుగు గ్రంథాలయాలకు ప్రచురణకర్త పంపాలి. హైదరాబాద్ స్టూడియోల్లో మన పిల్లలు చేస్తున్న ఆటలకు అలాంటి అల్మారా ఎక్కడుంది?

చట్టాలు వచ్చేదాకా కొనేవాళ్లు చేయగలిగింది చిన్నదే, కానీ ఉంది. కన్సోల్ కొంటూ డ్రైవ్ ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఉన్న ఐదారు వేల తేడా చూసి తొందరపడకండి, పాత డిస్కుల మీద అది ఏడాదిలో తిరిగొస్తుంది. దిగుమతి దుకాణంలో స్విచ్ 2 ఆట తీసుకుంటే అట్ట ముందువైపు అడుగున గేమ్-కీ కార్డు అన్న పట్టీ ఉందేమో చూడండి. ఇక డిస్క్ అయితే, వీలున్న దుకాణంలో, వైఫై తీయించి అక్కడే ఒకసారి వేయించండి. దుకాణదారు విసుక్కోవచ్చు. వెనక మరో ఇద్దరు నిలబడి ఉండొచ్చు. పేరు తెర మీద పడి, నెట్ కలపమని అడగకుండా ఆట మొదలైతే బిల్లు కట్టేయండి.